కాల్ బుక్కులోని చదువు

విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చి, "సార్, ఈ యేడు సంచికకు మీరొక వ్యాసం ఇవ్వాలి, మాకు పనికొచ్చేది రాయండి" అన్నాడు. పనికొచ్చేవన్నీ మీ టెక్స్టుబుక్కుల్లో ఉన్నాయి కదా అన్నాను. "టెక్స్టుబుక్కుల్లో లేనిదే రాయండి" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. అతడు వెళ్ళాక ఆలోచిస్తే, నేను నేర్చుకున్న వైద్యంలో చాలా భాగం లెక్చరు హాల్లో గానీ, లైబ్రరీలో గానీ దొరికింది కాదని తోచింది. అది వార్డు బల్లమీద దారంతో కట్టి పడేసి ఉండే ఒక చిరిగిన పుస్తకం దగ్గర దొరికింది. అదే కాల్ బుక్కు.

మన కళాశాలలో వైద్యవిద్యార్థులు కానివారు కూడా ఈ సంచిక చదువుతారు గనుక, ముందు ఈ కాల్ అంటే ఏమిటో చెప్పాలి.

పెద్దాసుపత్రిలో ప్రతి రోగీ ఒక యూనిట్‌కు చెందుతాడు. ఆ యూనిట్‌కు ఒక చీఫ్, ఆయన కింద అసిస్టెంట్లు, పీజీలు, అందరికన్నా కింద హౌస్ సర్జన్లు ఉంటారు. ఆ రోగికి తమ శాస్త్రానికి చెందని చిక్కు వచ్చినప్పుడు ఆ శాఖ నిపుణుణ్ణి పిలవాలి. కాన్పుల వార్డులో గర్భిణికి గుండెదడ వస్తే గుండె డాక్టరును, ఎముకల వార్డులో తొడ విరిగిన ముసలాయనకు చక్కెర పెరిగితే మెడికల్ డాక్టరును పిలుస్తారు. ఈ పిలుపునే ఆసుపత్రి భాషలో 'కాల్' అంటాం. అది రాసేది సాధారణంగా హౌస్ సర్జను. పుచ్చుకుని పోయేది వార్డు బాయ్. వచ్చి చూసేది ఆ శాఖ పీజీ గానీ, అసిస్టెంటు గానీ. ఆయన కేసు షీటులో నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి వెళ్తాడు. చాలాచోట్ల పని అంతటితో అయిపోయిందనుకుంటారు.

నిజానికి అక్కడ జరగాల్సింది ఇంకొకటి ఉంది. ఒకే మంచం దగ్గర, ఒకే రోగి ముందు, తెలిసినవాడూ తెలియనివాడూ ఇద్దరూ నిలబడి ఉంటారు. తెలియనివాడికి ఆ క్షణాన తెలుసుకోవాలన్న ఆత్రం ఉంటుంది, ఎందుకంటే ఆ రోగి తన చేతిలో ఉన్నాడు. ఇంతకంటే మంచి తరగతి గది ఏ విశ్వవిద్యాలయమూ కట్టించలేదు. కాని ఆ తరగతిని మనం రోజూ ఎగ్గొడుతున్నాం. ఎగ్గొడితే ఏమవుతుందో నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

ఒక తెల్లవారుఝాము

అది 1985 వానాకాలం. ఒక ప్రభుత్వాసుపత్రిలో నేను హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. ఆ ఊరి పేరుతో మనకు పనిలేదు. తెల్లవారుఝామున అయిదింటికి ఒక కుర్రవాణ్ణి ఎడ్లబండిలో తీసుకొచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయి, వ్యవసాయ కూలీ. కడుపునొప్పి, రెండు వాంతులు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. నొప్పి మాత్రం భరించలేకుండా ఉన్నాడు. సర్జరీ వారికి కాల్ రాశాను. ఆ వాక్యం నాకు ఇప్పటికీ గుర్తే: "పెయిన్ అబ్డామెన్. ప్లీజ్ సీ అండ్ డు ది నీడ్‌ఫుల్."

ఏడింటికి సర్జరీ పీజీ వచ్చాడు. పొట్ట నొక్కాడు. "ప్రస్తుతం ఆపరేషన్ చేయవలసిందేమీ లేదు. మెడికల్ ఒపీనియన్ తీసుకోండి" అని రాసి వెళ్ళాడు. ఆయన రాసింది అక్షరాలా నిజం. ఆయనను అడిగింది పొట్ట గురించే, ఆయన చెప్పిందీ పొట్ట గురించే. నేను మెడికల్ వారికి ఇంకో కాల్ రాశాను, అదే వాక్యం. అది డ్యూటీలు మారే వేళ. కాల్ బుక్కు బల్లమీదే ఉండిపోయింది.

ఎనిమిదిన్నరకు సిస్టరు వచ్చి, "డాక్టర్, ఆ అబ్బాయి రెప్పలు వాలిపోతున్నాయి" అంది. రాత్రంతా నిద్ర లేదు కదమ్మా అన్నాను. తొమ్మిదింటికి మాట ముద్దగా వస్తోందంది. ఇంజెక్షన్ మత్తు అనుకున్నాను. తొమ్మిదిన్నరకు ఊపిరి అందక నీలంగా అయ్యాడు. మత్తు డాక్టరు గారికి కబురు పంపితే థియేటరు నుంచి పరుగెత్తుకొచ్చారు. గొట్టం వేశారు, గాలి కొట్టారు, గుండె నొక్కారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

వాళ్ళమ్మ వరండాలో కూలబడి ఏడుస్తోంది. మత్తు డాక్టరు గారు ఆమె పక్కన నేలమీద కూర్చుని, "రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా అబ్బాయి?" అని అడిగారు. "చాప మీద బాబూ. చుట్టాలొచ్చారని మంచం వాళ్ళకిచ్చాం. నిద్దట్లో ఏదో కుట్టిందని ఓసారి లేచాడు. చీమేమోలే అనుకున్నాం."

అది కట్లపాము.

కట్లపాము గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పకపోతే ఈ కథ చెప్పీ దండగే. ఇది రాత్రిపూట తిరిగే పాము. నేలమీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు. గాటు కూడా చాలాసార్లు కనిపించదు. కొందరికి మొదట వచ్చేది కడుపునొప్పి, వాంతులు. అందుకే వాళ్ళు పొట్ట జబ్బు వాళ్ళల్లే వస్తారు. తర్వాత రెప్పలు వాలతాయి, మింగుడు పడదు, మాట ముద్దవుతుంది, తల ఎత్తలేరు, చివరకు ఊపిరి కండరాలు పడిపోతాయి. దీని విషం నరం చివర, కండరానికి ఆజ్ఞ అందించే చోట, దెబ్బకొడుతుంది. విరుగుడు మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గాని, అప్పటికే దెబ్బతిన్న నరాల కొసలను బాగుచెయ్యలేదు. అవి మళ్ళీ మొలవడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ రోగికి మనం ఊపిరి పొయ్యగలిగితే పూర్తిగా కోలుకుంటాడు. పొయ్యకపోతే చనిపోతాడు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వల్ల ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన అంచనా కట్టింది. వారిలో అత్యధికులు పల్లెల్లో చనిపోయినవారే.

"దీంట్లో ప్రశ్న ఎక్కడుంది?"

మధ్యాహ్నం మత్తు డాక్టరు గారు నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన కేసు షీటు నా ముందు పెట్టి, నేను రాసిన కాల్ చూపించి, "ఇది చదువు బాబూ" అన్నారు. చదివాను. "దీంట్లో ప్రశ్న ఎక్కడుంది?" అన్నారు.

నేను మాట్లాడలేదు.

"డు ది నీడ్‌ఫుల్ అంటే అర్థమేమిటి? నాకేం కావాలో నాకు తెలియదు, మీకు తోచింది చేసి పొండి అని. సర్జను తప్పేం లేదు. పొట్టలో ఆపరేషన్ జబ్బుందా అని అడిగినట్టు అనుకున్నాడు, లేదన్నాడు. 'ఇంత నొప్పి ఉంది, పొట్ట మెత్తగా ఉంది, ఈ రెండూ పొసగటం లేదు, ఎందుకు?' అని నువ్వు రాసి ఉంటే? అలా రాయాలంటే ముందు నీకు ఆ అనుమానం రావాలి. అనుమానం వస్తే రెప్పలు చూసేవాడివి. సిస్టరు చూసింది చూడు, ఆవిడకున్న ప్రశ్న నీకు లేకపోయింది."

తర్వాత ఆయన నాకు మంచం దగ్గర ఎలా చూడాలో నేర్పారు. రోగిని ఒక నిమిషం సేపు పైకే చూడమను, రెప్పలు అలిసి వాలతాయేమో గమనించు. దిండు మీంచి తల ఎత్తమను. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒకే ఊపిరిలో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమను. ఆరోగ్యంగా ఉన్నవాడు తేలిగ్గా ముప్పై దాటతాడు. అరగంటకోసారి లెక్కపెట్టించు, అంకె తగ్గుతుంటే ఊపిరి తగ్గుతున్నట్టే. దీనికి యంత్రం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. అన్నీ కలిపి పది నిమిషాలు పట్టింది. అయిదున్నరేళ్ళ చదువులో నాకు అంత లోతుగా నాటుకున్న పది నిమిషాలు ఇంకొకటి లేవు. ఆ కుర్రవాడి ప్రాణం దానికి ఖరీదు.

నలభై రోజుల తర్వాత

ఆ మరుసటి నెల ఒక పద్నాలుగేళ్ళ పిల్లను తెచ్చారు. గొంతు నొప్పి, మింగలేకపోతోంది. చెవి-ముక్కు-గొంతు విభాగానికి కాల్ రాద్దామని పుస్తకం తీసి, ఆగాను. "ఏమ్మా, రాత్రి ఎక్కడ పడుకున్నావు?" అని అడిగాను. "అరుగుమీద" అంది. పైకి చూడమంటే నిమిషంలోపే రెప్పలు వాలాయి. ఒక్క ఊపిరిలో పదకొండు వరకే లెక్కపెట్టింది.

అప్పుడు రాసిన కాల్ ఇది: "కట్లపాము కాటు అనుమానం. రెప్పలు వాలుతున్నాయి, మింగలేదు. ఒక్క ఊపిరిలో లెక్క 11. విరుగుడు పది సీసాలు మొదలుపెట్టాం. గొట్టం ఇప్పుడే వెయ్యాలా, ఇంకా ఆగవచ్చా? వెంటనే రావాలి." వార్డు బాయ్ చేతికివ్వలేదు. నేనే పట్టుకుని పరుగెత్తాను.

ఆయన వచ్చారు, గొట్టం వేశారు. ఆసుపత్రిలో ఉన్న ఒకే ఒక్క వెంటిలేటరు థియేటరులో ఇంకొకరికి పెట్టి ఉంది. కాబట్టి చేత్తో ఆంబూ సంచి నొక్కటమే దారి. హౌస్ సర్జన్లం, నర్సింగు విద్యార్థినులు, చివరకు ఆ పిల్ల మేనమామ కూడా, వంతులు వేసుకుని దాదాపు యాభై గంటలు నొక్కాం. మొదటి రాత్రి పన్నెండింటప్పుడు పిల్ల కనుపాపలు విప్పారి, లైటు వేసినా కదలలేదు. మాలో ఒకడు, "పోయినట్టేనా సార్?" అన్నాడు. ఆయన పిల్ల చెవి దగ్గర వంగి, "అమ్మా, కాలి బొటనవేలు కదుపు" అన్నారు. ఎంతో కొద్దిగా, వేలు కదిలింది. "కట్లపాము కాటులో కనుపాపలు కూడా పడిపోతాయి. దాన్ని చూసి మెదడు పోయిందనుకోకూడదు. ఈ పిల్ల అన్నీ వింటోంది. నొక్కేవాళ్ళు మాట్లాడుతూ నొక్కండి" అన్నారు.

కోపెన్‌హేగన్ కథ

ఆ రాత్రే ఆయన మాకొక కథ చెప్పారు. తర్వాత నేను చదివి నిజమని తెలుసుకున్నాను. వైద్య చరిత్రలో ఒక్క కాల్ ఎంత పని చేసిందో తెలుస్తుంది గనుక చెప్తున్నాను.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడింది. అంటువ్యాధుల ఆసుపత్రి అయిన బ్లెగ్‌డామ్‌లో ఊపిరి పడిపోయిన పిల్లలు వరసగా చనిపోతున్నారు. యంత్రాలు ఏడుకు మించి లేవు. ముఖ్య వైద్యుడు లాసెన్ అంటువ్యాధులలో పెద్ద పేరున్నవాడు. ఆయన సహచరుడొకరు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరును పిలిచి అడుగుదామన్నారు. ఆ రోజుల్లో మత్తు డాక్టరు అంటే థియేటరు గోడలు దాటి రాని మనిషి. అటువంటివాణ్ణి మందుల వార్డుకు పిలవటానికి లాసెన్ మొదట అంత సుముఖంగా లేడంటారు. అయినా పిలిచాడు. అక్కడే ఆయన పెద్దరికం ఉంది.

ఇబ్సెన్ వచ్చి కాగితాలు చూశాడు, చనిపోయినవారి ఊపిరితిత్తులు చూశాడు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉండటానికి వార్డు వైద్యులు వేరే కారణం అనుకుంటున్నారు. ఇబ్సెన్, 'అది ఊపిరి చాలక పేరుకున్నదే, మెదడు చెడి కాదు, గాలి అందక చనిపోతున్నారు' అన్నాడు. ఆగస్టు 27న ఒక పన్నెండేళ్ళ బాలికకు అందరి ఎదుట గొంతులో రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచితో గాలి కొట్టి చూపించాడు. బాలిక బతికింది. ఆ తర్వాత సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా నెలల తరబడి సంచులు నొక్కారు. ఊపిరి పడిపోయిన పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది చనిపోతున్న చోట, క్రమంగా ఆ సంఖ్య ఎంతగానో తగ్గిపోయింది. ఈనాటి ఐసీయూలు అక్కణ్ణుంచే పుట్టాయని చెప్తారు.

ఇందులో గమనించవలసినవి మూడు. అడిగినవాడు చిన్నతనం అనుకోలేదు. వచ్చినవాడు కాగితం మీద సలహా రాసి పోలేదు, స్వయంగా చూశాడు, చేసి చూపించాడు. నేర్చుకున్న విద్యార్థులు ఆ చదువును అదే రోజు చేతుల్లో పెట్టుకున్నారు.

అడిగే పద్ధతి, నేర్పే పద్ధతి

ఇవి మంచి గుణాలు గల మనుషులకు వాటంతటవే వస్తాయి అనుకుంటే పొరపాటు. దీన్నీ ఒక విద్యగా కూర్చి చెప్పినవారున్నారు. 1983లో అమెరికాలో గోల్డ్‌మన్, లీ, రడ్ అనే వైద్యులు కన్సల్టేషనుకు పది ఆజ్ఞలు రాశారు. వాటి సారం మన మాటల్లో ఇది: అడిగిన ప్రశ్న ఏమిటో తేల్చుకో. ఎంత తొందరో తెలుసుకో. ఇతరులు రాసింది నమ్మి ఊరుకోక నీ కళ్ళతో చూడు. క్లుప్తంగా, స్పష్టంగా చెప్పు. మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళో రాయి. ఇది పనిచెయ్యకపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పు. రోగి ఇంకొకరి రోగి అని మరవకు. నొప్పించకుండా నేర్పు. కాగితంతో సరిపెట్టక నోటితో మాట్లాడు. మళ్ళీ వచ్చి చూడు.

'సమయం లేదు సార్' అనే పీజీ మిత్రులకు ఇంకొకటి చెప్పాలి. 1992లో నెహర్, ఆయన సహచరులు కొద్ది సమయంలోనే నేర్పే పద్ధతి ఒకటి చెప్పారు. అందులో అయిదు మెట్లు. మొదట, 'నువ్వేమనుకుంటున్నావు?' అని కుర్ర డాక్టరును అడగాలి. తప్పో ఒప్పో, వాడు ఒక మాట మీద నిలబడాలి. రెండు, 'ఎందుకలా అనుకున్నావు?' అని అడగాలి. మూడు, ఈ రోగి దగ్గర నుంచి రేపటి రోగికి పనికొచ్చే ఒక్క సూత్రం చెప్పాలి. నాలుగు, వాడు సరిగా చేసిందేదో అది చెప్పాలి. అయిదు, తప్పు దిద్దాలి. ఈ పద్ధతి పుట్టకముందే మా మత్తు డాక్టరు గారు దాదాపు ఇలాగే నేర్పారని చాలా ఏళ్ళ తర్వాత చదివినప్పుడు తెలిసింది.

మన దగ్గర జరిగేది తరచు దీనికి తలకిందులు. కాల్ రాసినవాడు మంచం దగ్గర ఉండడు. వచ్చినవాడు వాడి కోసం వెతకడు. ఒకవేళ ఎదురుపడితే, 'దీనికి కూడా కాల్ రాస్తారటయ్యా?' అని నలుగురిలో అంటాడు. ఆ ఒక్క మాటతో ఆ హౌస్ సర్జను జీవితాంతం గుర్తుంచుకునే పాఠం ఒకటే, అనుమానం వచ్చినా అడక్కూడదు అని. ఆ పాఠానికి ఫీజు కట్టేది రోగి.

ఈ కాలం కుర్రవాళ్ళకు చేతిలో ఫోన్లున్నాయి. ఈసీజీ ఫోటో తీసి పంపితే రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది. 2020లో టెలీమెడిసిన్ నిబంధనలు వచ్చాక డాక్టరు నుంచి డాక్టరుకు దూరం నుంచే సలహా అందటం మామూలైంది. పల్లెలో ఉన్న రోగికి ఇది గొప్ప మేలు. నేను దీన్ని తప్పు పట్టను. కాని ఫోటోలో రెప్ప అలిసి వాలటం కనిపించదు. ఒకే భవనంలో, రెండంతస్తుల దూరంలో ఉండి కూడా ఫోనులోనే చూసి జవాబిస్తే, మందు చేరుతుందేమో గాని చదువు చేరదు. 2019 బ్యాచి నుంచి అమలైన కొత్త పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడటం, సాటి వైద్యులతో మెలగటం కూడా నేర్పాలని పెట్టారు. చాలా సంతోషం. దానికి ప్రయోగశాల ఎక్కడో కట్టనవసరం లేదు. ప్రతి వార్డులో కాల్ బుక్కు రూపంలో ఉండనే ఉంది.

హౌస్ సర్జన్ మిత్రులకు నా విన్నపం చిన్నది. కాల్ రాసేముందు ఒక ప్రశ్న రాయండి. నిపుణుడు వచ్చే వేళకు మంచం పక్కన ఉండండి. వెళ్ళేముందు 'సార్, నేనేం చూడలేకపోయాను?' అని అడగండి. అసిస్టెంట్లకు, నా తోటి అధ్యాపకులకు కూడా ఒకటే విన్నపం. సంతకం పెట్టేముందు కాల్ రాసిన పిల్లవాణ్ణి పిలిపించండి. అయిదు నిమిషాలు చాలు.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. మూడో రోజు సాయంత్రం తనంత తాను ఊపిరి తీసుకుంది. వారంలో లేచి నడిచింది. ఇంటికి వెళ్ళేరోజు వాళ్ళ నాన్నతో వచ్చి మా అందరికీ దణ్ణం పెట్టింది. 'పోయినట్టేనా సార్' అన్న మా మిత్రుణ్ణి చూసి మాత్రం కాసేపు ఆగింది.

"ఆ రాత్రి మీరన్న మాట నాకు వినపడింది డాక్టరుగారూ," అంది. "లేదని చెబుదామంటే నోరు రాలేదు. ఆ పెద్ద డాక్టరుగారు వేలు కదపమన్నారు గనక బతికిపోయాను."

మా మిత్రుడు తల వంచుకున్నాడు. అతడు తర్వాత చాలా మంచి వైద్యుడయ్యాడు. రోగి మంచం దగ్గర అతడు గట్టిగా మాట్లాడగా నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.